మిగిలిన మూడు మాత్రలు

నాలుగు రోజుల జలుబుకు వీరరాఘవులు లీవోఫ్లాక్సాసిన్ అడిగాడు. అడిగాడు అనడం కూడా సరికాదు, రాయమన్నాడు. కుర్చీలో కూర్చుంటూనే కోటు జేబులోంచి పోయినేటి చీటీ ఒకటి తీసి, మడతలు విప్పి, డాక్టర్ భవ్యశ్రీ ముందు బల్ల మీద పరిచి, ఆ మందు పేరు మీద వేలు పెట్టాడు.

"ఇది. అయిదు రోజులకి. పోయిన చలికాలం పెద్దాసుపత్రిలో రాశారు. రెండు మాత్రలకే తగ్గింది."

నవంబర్ మొదటి సోమవారం, ఢిల్లీ. జనక్‌పురి మార్కెట్ వెనక వీధిలో ఆ పాలీక్లినిక్ కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. అద్దాల అవతల కమ్మిన పొగలో పొద్దున పదింటికి కూడా సూర్యుడు పాత ఇత్తడి పళ్లెంలా మసగ్గా ఉన్నాడు. వారం రోజులుగా వచ్చేవాళ్లందరివీ ముక్కులే, గొంతులే. అందరూ దగ్గుతూనే లోపలికి వస్తున్నారు.

"ముందు చూడనివ్వండి సార్" అంది భవ్యశ్రీ.

కనుబొమ్మల పైన, చెంప ఎముకల మీద బొటనవేళ్లతో నొక్కింది. ముందుకు వంగమంది. వంగితే బరువుగా ఉంది గానీ పోటు లేదన్నాడు. ముక్కులో లైటు వేసి చూసింది. లోపల వాపు, పలచగా పసుపుపచ్చ చీమిడి. గొంతు ఎర్రగా ఉంది. జ్వరం తొంభై తొమ్మిది. పక్క కుర్చీలో ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి ఒళ్లో ఫైలు పెట్టుకుని, శాలువా కొంగు ముక్కుకు అడ్డం పట్టుకుని కూర్చుంది. ఆయన చేయి చాచినప్పుడల్లా సరైన కాగితం అందిస్తోంది. షుగర్ రిపోర్టు. వేసుకుంటున్న మాత్రల జాబితా. ఈసీజీ.

"మీది గుంటూరు వైపా సార్?"

"బాపట్ల. మినిస్ట్రీలో డిప్యూటీ సెక్రటరీని. ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా. వచ్చే ఆదివారం కార్తీక వనభోజనాలు, నాలుగొందల మంది వస్తారు. నేను మాట్లాడాలి. ఈ గొంతుతో మాట్లాడలేను. రాసెయ్యమ్మా."

"మీకిప్పుడు యాంటీబయాటిక్ అవసరం లేదు సార్. ఇది వైరస్ జలుబు. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి, స్ప్రే రాస్త, నొప్పికి పారాసెటమాల్. పదిరోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ల తిరగబెట్టినా, పెద్ద జ్వరమొచ్చి మొహంల నొప్పి వచ్చినా అప్పుడు రండి. అప్పుడైనా ఇది కాదు, అమాక్సిసిలిన్-క్లావులనేట్ మొదలుపెడతం. లీవో మీ షుగర్ మాత్రతోటి కలిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోతది. కళ్లు తిరిగి పడిపోతరు."

ఆ వరసలో పదిరోజులన్న మాట దగ్గర అన్నపూర్ణేశ్వరి తలెత్తింది. ఒకసారి దగ్గింది. భవ్యశ్రీ అటు చూడలేదు. వీరరాఘవులు కళ్లు తన మొహం మీద ఎంత చల్లగా ఆగాయో, అదే చూస్తోంది.

"తెలంగాణానా?" అన్నాడు.

"సూర్యాపేట దగ్గర సార్."

"ఇంటిపేరు?"

"మేకల."

ఆయన తల ఆడించాడు. ఆ తల ఆడించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. స్కూల్లో తెలుసు, కాలేజీ హాస్టల్లో తెలుసు. తరవాతి ప్రశ్న ఏమిటో కూడా తెలుసు.

"సీటు కౌన్సిలింగులోనే వచ్చిందా?"

"మీకు దగ్గుకు సిరప్ కావాల్నా సార్?"

వీరరాఘవులు తన పాత చీటీని మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె రాసిచ్చిన కాగితం బల్ల మీదే వదిలేసి లేచాడు. భార్య ఫైలు సర్దుకుని వెనకే లేచింది. తలుపు పూర్తిగా మూసుకోకముందే ఆయన గొంతు లోపలికి వినపడింది.

"కోటాలో వచ్చినవాళ్లతో ఇదే గొడవ. పెద్ద మందు రాయాలంటే చెయ్యాడదు."

నర్సు సుమన్‌కు తెలుగు రాదు. "క్యా బోలే, మేడమ్?" అంది. "కుఛ్ నహీఁ. నెక్స్ట్" అంది భవ్యశ్రీ. ముక్కులోకి చూసే స్పెక్యులమ్‌ను ద్రావకంలోకి విసురుగా పడేసింది.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ యజమాని డాక్టర్ భరద్వాజ్ తన గదికి పిలిచాడు. కూర్చోమనలేదు. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. క్లినిక్ పేజీలో ఒక్క స్టార్ ఇచ్చిన రివ్యూ. 'లేడీ డాక్టరుకు పొగరు ఎక్కువ, జ్ఞానం శూన్యం. రోగికి మందు ఇవ్వకుండా పాఠం చెప్పి పంపింది.' కింద పదకొండు మంది దాన్ని మెచ్చుకున్నారు. వాళ్లలో తొమ్మిది తెలుగు పేర్లు.

"బేటా," అన్నాడు భరద్వాజ్ హిందీలో, "పేషెంటు మందు కోసం వస్తాడు. ఉత్త చేతులతో పంపితే ఎదురుగా ఇంకో క్లినిక్ ఉంది. ఆయన ఒక్కడు కాదు, ఆయన వెనక మూడొందల కుటుంబాలున్నాయి."

"ఆయనకు షుగర్ ఉంది సర్. దానికి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటున్నడు. పైగా వచ్చింది వైరల్."

"నాకు తెలుసు." ఆ మాట చాలా తేలిగ్గా అన్నాడు. "ఎంబీబీఎస్ నేను కూడా చదివాను. మందు సంగతి వదిలెయ్, అది అయిపోయింది. నువ్వు ఆయనకు ఫోన్ చేసి సారీ చెప్పు."

"దేనికి?"

"టోన్‌కి."

"నా టోన్ బాగనే ఉండె సర్."

భరద్వాజ్ తెర మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. "అయితే ఈ వారం నీ పొద్దుటి ఓపీ నేను చూస్తా. నువ్వు మధ్యాహ్నం వచ్చి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, పిల్లల టీకాలు చూడు. కొంచెం చల్లబడు."

అది అయిపోయింది అన్నాడేమిటని అడగాలని తలుపు దాకా వచ్చాక తోచింది. వెనక్కి తిరగడానికి అహం అడ్డొచ్చింది. అడిగుండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకుంది.

గురువారం మధ్యాహ్నం వీరరాఘవులే వచ్చాడు. ఒక్కడే. వరండాలో టీకాల కోసం పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్న తల్లుల మధ్య నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి వదిలి చూపించాడు.

"చూశావామ్మా? రెండు మాత్రలు. సోమవారం రాత్రొకటి, మంగళవారం ఒకటి. బుధవారానికల్లా ముక్కు ఫ్రీ. మూడోది ముట్టుకోలేదు."

"ఎవరు రాసిన్రు సార్?"

"మందు తెలిసినవాళ్లు."

"జలుబు ఆరేడు రోజులకు దానంతటదే తగ్గుతది. మీకు తగ్గే టైముకు మీరు మాత్ర వేసుకున్నరు. షుగర్ చూసుకున్నరా?"

"నీ చదువు నా షుగర్ మీద ప్రయోగం చెయ్యకు." ఆయన గొంతు పెంచలేదు, కానీ వరండాలో తల్లులంతా ఇటు తిరిగారు. తర్వాత అందరికీ అర్థం కావాలని హిందీలోకి మారాడు. "ఈమె నాకు మందు ఇవ్వనంది. నేను చచ్చిపోయుంటే? ఆలోచించండి."

ఒక తల్లి తన పిల్లవాణ్ణి ఒళ్లో ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. తరవాత వంతు ఆమెదే. సుమన్ పేరు పిలిస్తే, "డాక్టర్ సాబ్ ఎప్పుడొస్తారు? ఆయనతోనే వేయించుకుంటాం" అంది. ఆ మధ్యాహ్నం ముగ్గురు అలాగే వెళ్లిపోయారు. భవ్యశ్రీ మిగిలిన టీకాలు వేసింది, ఏడ్చే పిల్లల తొడల మీద దూదితో నెమ్మదిగా రుద్దింది, తేదీలు రాసింది. సాయంత్రం మెట్రోలో నిలబడి, ఎదురుగా కూర్చున్న ప్రతి ముక్కు చీదే మనిషినీ శత్రువును చూసినట్టు చూసింది.

సోమవారం భవ్యశ్రీ మళ్లీ పొద్దుటి ఓపీలో ఉండగా వాళ్లు వచ్చారు. ఈసారి కుర్చీలు మారాయి. రోగి కుర్చీలో అన్నపూర్ణేశ్వరి, పక్క కుర్చీలో ఆయన. భరద్వాజ్ ఇంకా రాలేదు. అందుకే సుమన్ వాళ్లను భవ్యశ్రీ గదిలోకి పంపింది. అది ఆయనకు ఇష్టం లేదని మొహమే చెబుతోంది.

"కళ్లకలక. నిన్న వనభోజనాల్లో కట్టెల పొయ్యి పొగ తగిలింది. చుక్కలు రాసివ్వు చాలు. భరద్వాజ్ గారొస్తే ఆయన చూస్తారు."

అన్నపూర్ణేశ్వరి శాలువా తీసింది.

కుడికన్ను మూసుకుపోయింది. పైరెప్ప పండిన నేరేడుపండులా ఎర్రగా, నల్లగా ఉబ్బింది. ముక్కు మొదట్లోంచి కనుబొమ్మ దాకా చర్మం బిగిసి మెరుస్తోంది. భవ్యశ్రీ నుదుటి మీద చెయ్యి వేసి, థర్మామీటరు పెట్టింది. నూట రెండున్నర. రెప్పను రెండు వేళ్లతో మెల్లిగా విప్పింది. కళ్లకలకలో కారే పుసి లేదు. లోపలి గుడ్డు ఎడమకంటి కన్నా కొంచెం ముందుకొచ్చి ఉంది.

"నా వేలును చూడండమ్మా. తల తిప్పకండి. కన్ను మాత్రమే."

వేలు పైకి పోయింది. ఎడమకన్ను వెళ్లింది. కుడికన్ను సగం దూరం వెళ్లి ఆగింది. అన్నపూర్ణేశ్వరి బల్ల అంచు పట్టుకుంది.

"నొప్పా?"

"లోపల గుచ్చినట్టుందమ్మా. వేళ్లు రెండు కనబడుతున్నాయి."

భవ్యశ్రీ తన పెన్ను ఎర్ర మూత తీసి, ఒక కన్ను మూసి చూపించింది, మళ్లీ రెండోది మూసి చూపించింది.

"ఎడమకంటికి ఎర్రగానే ఉంది," అంది అన్నపూర్ణేశ్వరి. "దీనికి ఇటుకరాయి రంగులో ఉంది."

చూపు నరం దాకా దెబ్బ చేరుతోందని భవ్యశ్రీకి అర్థమైంది. "మీకు జలుబు ఎప్పటి నుంచి?"

"మూడు రోజుల్నుంచి" అన్నాడు వీరరాఘవులు.

"సార్, ఆమెను చెప్పనివ్వండి."

అన్నపూర్ణేశ్వరి భర్త వైపు చూడలేదు. మిగిలిన ఒక్క కన్నుతో పెన్ను మూతనే చూస్తూ చెప్పింది. "దీపావళి మర్నాటి నుంచమ్మా. నేటికి ఇరవై రోజులు. మధ్యలో ఒక రెండ్రోజులు తగ్గినట్టే ఉంది. తరవాత ఈ చెంపంతా పోటు. పంటినొప్పనుకున్నాను."

ఇరవై రోజులు. అంటే పోయిన సోమవారానికి పదమూడు రోజులు. ఈ గదిలోనే, ఈ బల్లకు ఇవతలే, పదిరోజులు దాటితే రమ్మని తను ఎవరికి చెప్పిందో భవ్యశ్రీకి ఇప్పుడు తెలిసింది.

"ఇది కళ్లకలక కాదు. సైనస్‌ల ఇన్‌ఫెక్షన్ కంటిగూడులోకి దిగింది. స్కాన్ తియ్యాలె, నరంలోకి మందు ఎక్కించాలె. ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాలె. ఆలస్యమైతే చూపు పోతది."

"భయపెట్టకు. ఆ లీవో మళ్లీ అయిదు రోజులు రాయి. తగ్గకపోతే అప్పుడు చూద్దాం."

"మాత్రలతోటి అయ్యేది కాదు."

"మళ్లీ మొదలెట్టావా? నాకు పన్నెండింటికి మీటింగుంది. ఇంట్లో నిన్నటి గిన్నెలు, గుండిగలు అట్లాగే పడున్నాయి. ఆస్పత్రంటే..."

అప్పుడే భరద్వాజ్ వచ్చాడు. తలుపు దగ్గర నుంచే అన్నపూర్ణేశ్వరిని చూశాడు. చూసిన ఆ ఒక్క క్షణంలో ఆయనకు అర్థమైందని భవ్యశ్రీ గమనించింది. అయినా వీరరాఘవులు వైపు తిరిగి నవ్వాడు. "అరే రావ్ సాబ్, కంగారేం లేదు. ఇక్కడే ఒక ఇంజెక్షన్ వేద్దాం. రేపు చూద్దాం."

"సర్, కన్ను పైకి పోతలేదు. రంగు తేడా కనబడుతున్నది."

"డాక్టర్ భవ్యశ్రీ, నా రూమ్‌కు రండి."

"రాను సర్." ఆమె తెల్లకోటు విప్పి కుర్చీ మీద వేసింది. సంచి భుజానికి తగిలించుకుంది. అన్నపూర్ణేశ్వరి మోచెయ్యి పట్టుకుని లేపింది. "రండమ్మా, ఆటోలో పోదాం."

"ఆ తలుపు దాటితే మళ్లీ రావక్కర్లేదు" అన్నాడు భరద్వాజ్, ఇంగ్లీషులో, నవ్వు తగ్గించకుండానే.

వాళ్లిద్దరూ మెట్లు దిగారు. అన్నపూర్ణేశ్వరికి మెట్లు రెండేసి కనబడుతున్నాయి. ప్రతి మెట్టునూ కాలితో తడిమి దిగుతోంది. కిందికి వచ్చి ఆటోకు చెయ్యెత్తేసరికి వీరరాఘవులు కారు పక్కకొచ్చి ఆగింది. ఆయన వెనక తలుపు లోపల్నుంచి తోశాడు. ఒక సిగ్నల్ దగ్గర ఆయన ఫోన్ తీసి, మీటింగుకు రాలేనని ఎవరికో చెప్పాడు. కారణం చెప్పలేదు.

ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో చెవి-ముక్కు విభాగం డ్యూటీ డాక్టరు అర్జున్. పాతికేళ్లుంటాయి, నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి. భవ్యశ్రీ చెప్పేది చెబుతుండగానే రెప్ప విప్పి చూశాడు, స్కానుకు రాశాడు, కంటి డాక్టరుకు కబురు పెట్టాడు. తరవాత అన్నపూర్ణేశ్వరి చేతిలోని ఫైలు లాక్కుని తిరగేస్తూ హిందీలో అడిగాడు.

"ఇప్పటిదాకా ఏ యాంటీబయాటిక్ వాడారు?"

"ఏమీ లేదు" అన్నాడు వీరరాఘవులు.

"మూడు మాత్రలు వేసుకున్నానండీ," అంది అన్నపూర్ణేశ్వరి. ఆమె హిందీ భర్త హిందీ కన్నా తేటగా ఉంది. "ఈయన రెండు వేసుకుని మానేశారు. మూడు మిగిలాయి. పారెయ్యడమెందుకని గురువారం, శుక్రవారం, శనివారం నేను వేసుకున్నాను. పోయినేడు కూడా ఈయన వదిలేసినవి వేసుకుంటే కాస్త తగ్గింది."

వీరరాఘవులు భార్యను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

అర్జున్‌కు ఫైల్లో వీరరాఘవులు మాత్రల చీటీ దొరికింది. వెలుతురుకు పట్టుకుని చదివాడు. "లీవోఫ్లాక్సాసిన్. డయాబెటిస్ పేషెంటుకి, గ్లిమిపిరైడ్ మీద ఉన్నవాడికి, మామూలు జలుబుకి. వాహ్. ఎవరీ మహానుభావురాలు? డాక్టర్... ఎం. భవ్యశ్రీ." తలెత్తాడు. "మీ పేరేమన్నారు?"

భవ్యశ్రీ కాగితం అందుకుంది. క్లినిక్ ముద్ర. తన పేరు. తన రిజిస్ట్రేషన్ నంబరు. తేదీ పోయిన సోమవారం, సమయం సాయంత్రం ఏడూ నలభై. ఆమె ఆ రోజు అయిదింటికే ఇంటికి వెళ్లింది. అది అయిపోయింది అన్న భరద్వాజ్ మాట ఇప్పుడు చెవిలో పూర్తయింది.

"ఇది నేను రాయలేదు."

"అందరూ అదే అంటారు." అర్జున్ కాగితం వెనక్కి తీసుకుని కేసు షీటుకు పిన్ను కొట్టాడు. "బయట నిలబడండి ప్లీజ్. పేషెంటు వాళ్లు మాత్రం ఉండండి."

ఆమె తెర అవతలికి వెళ్లి నిలబడింది. పక్క నుంచి స్ట్రెచర్లు పోతున్నాయి. తెర సందులోంచి అర్జున్ గొంతు వినిపిస్తోంది.

"ఏ మందైనా పడదా? పెన్సిలిన్?"

"పడదు," వీరరాఘవులు. "మా ఇంట్లో ఎవరికీ పెన్సిలిన్ పడదు. రాసుకోండి."

"పడదంటే ఏమైంది? దద్దుర్లా, ఆయాసమా? ఇది రాస్తే నేను ఇవ్వాల్సిన మంచి మందులు సగం మూసుకుపోతాయి."

"పడనిది ఆయనకి," అన్నపూర్ణేశ్వరి గొంతు. "చిన్నప్పుడెప్పుడో దద్దుర్లొచ్చాయని వాళ్లమ్మ చెప్పేది. నేను పుట్టింది వేరే ఇంట్లోనండీ. నాకు పడుతుంది. రెండో కాన్పుకి కుట్లు చీము పడితే వారం రోజులు అవే ఇంజెక్షన్లు చేశారు. ఏమీ కాలేదు."

తరవాత అర్జున్ పెన్ను కొట్టివేసిన చప్పుడు, కొత్తగా రాస్తున్న చప్పుడు.

మంగళవారం మధ్యాహ్నం చూసేవాళ్ల వేళకు భవ్యశ్రీ వార్డుకు వచ్చింది. ఇప్పుడామెకు వెళ్లడానికి క్లినిక్ లేదు. పొద్దున తన క్లినిక్ లాగిన్ తెరవబోతే తెరుచుకోలేదు. సోమవారం సాయంత్రమే భరద్వాజ్‌కు ఉత్తరం పంపింది, ఆ చీటీ ఏ కంప్యూటరులోంచి ఎవరు తీశారో లెక్క ఇమ్మని. జవాబు రాలేదు. జవాబుకు బదులు ఆయనే వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో యాపిల్ పళ్ల సంచి. వీరరాఘవులు ఎదురుగా నిలబడి, ఆయన తెచ్చిన కాగితం చదువుతున్నాడు.

"రండి డాక్టర్," అన్నాడు భరద్వాజ్. "మంచి టైముకొచ్చారు. చిన్న ఫార్మాలిటీ. పోయిన సోమవారం మీరు పరీక్ష చేసి మందు రాశారని, క్లినిక్ మీద ఫిర్యాదు లేదని. రావ్ సాబ్ సంతకం పెడతారు. మీ మీద కూడా ఆయన ఏ చర్యా కోరడం లేదు. విషయం ఇక్కడితో ముగుస్తుంది."

"సార్, మీకు తెలుసు," అంది భవ్యశ్రీ వీరరాఘవులుతో, తెలుగులో. "ఆ రోజు నేను రాసిన కాగితం మీరు బల్ల మీదనే వదిలేసి పోయిన్రు."

ఆయన కాగితం మీద నుంచి కళ్లెత్తలేదు. "భరద్వాజ్ నాకు పదేళ్లుగా తెలుసు. నువ్వు వారం రోజులుగా తెలుసు. నీ మీద చర్య వద్దంటున్నాం కదా. ఇంకేం కావాలి?" జేబులోంచి పెన్ను తీశాడు.

"సంతకం పెట్టకండి."

అన్నపూర్ణేశ్వరి దిండు మీద నుంచే అంది. చేతికి సెలైన్ బొట్టుబొట్టుగా ఎక్కుతోంది. వాపు కొంచెం వదిలి కుడికన్ను సన్నని గీతలా తెరుచుకుంది.

"నువ్వూరుకో. నీకు తెలీదు."

"నాకే తెలుసు." ఆమె భర్తను వదిలి భరద్వాజ్ వైపు తిరిగింది. హిందీలో, అంతే మెల్లిగా, పక్క మంచాలకు వినబడేంత స్పష్టంగా చెప్పింది. "డాక్టర్ సాబ్, ఆ సోమవారం సాయంత్రం మీరు ఫోన్ చేసినప్పుడు ఈయన తువ్వాలు కప్పుకుని ఆవిరి పడుతున్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టి పట్టుకుంది నేను. 'షుగరున్న మనిషికి నా పేరు మీద వద్దులెండి రావ్ సాబ్, ఆ అమ్మాయి లాగిన్‌లో తీయిస్తాను, మీ డ్రైవర్ని పంపండి' అన్నారు. ఈయన తువ్వాలు కింద నుంచి 'మీ ఇష్టం' అన్నారు."

పక్క మంచం మీది ముసలాయన కూతురు కమలాపండు ఒలుస్తున్న చెయ్యి ఆపింది. అటు పక్క మంచం దగ్గర ఇద్దరు మగవాళ్లు మాట మానేసి చూస్తున్నారు. మందుల ట్రాలీ తోసుకొస్తున్న నర్సు కూడా ఆగింది.

"దీదీ, మీకు జ్వరం. ఏదో పొరపాటు..." భరద్వాజ్ నవ్వబోయాడు.

"జ్వరం అప్పుడూ ఉంది. వినడానికి అడ్డం రాలేదు."

వీరరాఘవులు వార్డంతా ఒకసారి చూశాడు. చూస్తున్న కళ్లన్నీ చూశాడు. పెన్ను మూత పెట్టేశాడు. అది పశ్చాత్తాపం కాదు. నలుగురి ముందు పరువు గుర్తొచ్చిన మనిషి ముఖం. కాగితాన్ని భరద్వాజ్ ఒళ్లోని పళ్ల సంచి మీద పెట్టాడు. భరద్వాజ్ లేచి, భవ్యశ్రీ పక్క నుంచి పోతూ, "ఢిల్లీ చిన్న ఊరు, డాక్టర్. గుర్తుంచుకో" అని వెళ్లిపోయాడు.

"ఇంటికొచ్చాక మాట్లాడదాం" అన్నాడు వీరరాఘవులు భార్యతో, పళ్ల బిగువున.

"ఇక్కడే మాట్లాడండి. ఇక్కడైతే నలుగురున్నారు."

ఆయన టీ తాగొస్తానని బయటికి నడిచాడు.

భవ్యశ్రీ స్టూలు లాక్కుని కూర్చుంది. కృతజ్ఞత చెప్పాలి. ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అన్నపూర్ణేశ్వరే అడిగింది.

"కాగితం, పెన్ను ఉన్నాయామ్మా? ఇప్పుడన్నది రాసిస్తాను. తెలుగులో రాస్తే చెల్లుతుందా?"

"చెల్లుతదమ్మా. అనువాదం చేయిస్త."

ఆమె ఒక కన్ను మూసుకుని, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా, గీతల కాగితం మీద మెల్లగా రాసింది. తేదీ వేసింది. సంతకం చేసింది. ఇచ్చేముందు కాగితాన్ని కాసేపు పట్టుకుంది.

"ఆ రోజు నువ్వు పదిరోజులు దాటితే అని చెబుతుంటే, అచ్చం నా గురించే చెబుతున్నావనిపించింది. ఒకసారి దగ్గాను కూడా. నా వైపు చూస్తావేమోనని."

భవ్యశ్రీ తల దించుకుంది. "విన్ననమ్మా. పొగకు దగ్గుతున్నరనుకున్న. నా కోపమంతా ఆయన మీదనే ఉండె."

"అడిగినా చెప్పేదాన్నో లేదో. ఆయన పక్కనే ఉన్నారుగా."

ఆ మాట ఓదార్పు కోసం అన్నదే. భవ్యశ్రీకి మాత్రం ఓదార్పు దొరకలేదు. ఆయనను బయటికి పంపి అడగొచ్చు. చదువుకున్న పుస్తకంలో ఆ సంగతి కూడా ఉంది.

వారం రోజులు నరంలోకి మందు ఎక్కింది. కంటిగూడులో చీము చేరలేదు, కోత తప్పింది. మెడికల్ కౌన్సిల్ కార్యాలయంలో భవ్యశ్రీ ఫిర్యాదు తీసుకుని ఒక నంబరు ఇచ్చారు, కబురు చేస్తామన్నారు. అర్జున్ కేసు షీటు నకలు ఇచ్చాడు. క్షమాపణ అడగలేదు, కానీ ఆ రోజు ఆమె రోగిని తీసుకొచ్చిన సమయాన్ని షీటులో రాసి ఉంచాడు. తెలుగు సంఘం వాట్సాప్ గుంపులో ఆమె మీద మాటలు ఆగలేదు. మునిర్కాలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో సగం పూట పని దొరికింది.

సోమవారం డిశ్చార్జి రోజు ఆమె వార్డుకు వెళ్లేసరికి వీరరాఘవులు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నర్సు అమాక్సిసిలిన్-క్లావులనేట్ స్ట్రిప్పులు తెచ్చి, మగమనిషి అని ఆయన వైపే తిరిగి హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక, రెండు వారాలు, తగ్గినా ఆపొద్దు. ఆయన సంచులు కింద పెట్టి చెయ్యి చాచాడు.

అన్నపూర్ణేశ్వరి మంచం అంచున కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.

"సిస్టర్, నాకు చెప్పండి," అంది. "వేసుకునేది నేను."

నర్సు ఆమె వైపు తిరిగి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.